ఆపితే వచ్చే ఆదాయం

బండి నడపడానికి ఖర్చవుతుందని అందరికీ తెలుసు. బండి ఆపడానికి కూడా ఖర్చవుతుందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. పెట్రోలు పోసి, యింజను తిప్పి, పదిహేను వందల కిలోల కారును గంటకు 60 కిలోమీటర్ల వేగానికి తెస్తాం. యింతలో యెదురుగా యెర్రదీపం వెలుగుతుంది. బ్రేకు తొక్కుతాం. అంత ఖర్చుపెట్టి కూడబెట్టిన వేగమంతా ప్యాడ్లకూ డిస్కులకూ మధ్య రాపిడిలో వేడిగా మారి, గాలిలో కలిసిపోతుంది. లెక్క వేస్తే, ఆ ఒక్కసారి ఆగడంలో పోయిన శక్తితో పది వాట్ల దీపాన్ని దాదాపు ఆరు గంటలసేపు వెలిగించుకోవచ్చు. ఆఫీసుకు వెళ్లి వచ్చేలోగా పెద్దమనిషి యెన్నిసార్లు బ్రేకు తొక్కుతాడో వేళ్లమీద లెక్కపెట్టుకుంటే, యింటి దీపాల ఖర్చు వీధిలో పారబోస్తున్నట్టే.

యీ పారబోతను కొంతవరకైనా అరికట్టే వుపాయం విద్యుత్ కారులో వుంది. దానికి రీజెనరేటివ్ బ్రేకింగ్ అని పెద్ద పేరు పెట్టారు. డ్రైవర్లు దాన్ని ముద్దుగా "రీజెన్" అంటారు. బ్రేకు వేస్తే కరెంటు పుట్టడమేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. పూర్వం సైకిళ్లకు డైనమో వుండేది, పెద్దలకు జ్ఞాపకమే వుంటుంది. చీకటిపడి దాన్ని చక్రానికి ఆనించగానే ముందు దీపం వెలిగేది. దాంతోపాటు సైకిలు తొక్కడం బరువెక్కేది. దీపంలో వెలిగే వెలుగు మన కాళ్ల సత్తువే. డైనమో దాన్ని చక్రం దగ్గర లాక్కునేది.

1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే దీనికి మూలం. మోటారు, డైనమో రెండూ అసలు ఒకే యంత్రం. కరెంటు యిస్తే తిరుగుతుంది. తిప్పితే కరెంటు యిస్తుంది. విద్యుత్ కారులో మనం యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీయగానే చక్రాలు మోటారును తిప్పడం మొదలుపెడతాయి. అది డైనమో అయిపోయి, కరెంటును బ్యాటరీకి పంపుతుంది. సైకిలు బరువెక్కినట్టే కారూ బరువెక్కి వేగం తగ్గుతుంది. వేగం తగ్గడం మనకు కావలసినదే, కరెంటు పైరాబడి.

రైళ్లవారికి యెప్పుడో తెలుసు

యిది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 1920ల చివర బొంబాయినుంచి పూనాకూ, ఇగత్‌పురికీ వెళ్లే ఘాట్ మార్గాల్లో విద్యుత్ రైళ్లు వచ్చినప్పుడే, కొండ దిగే యింజను పైతీగలోకి కరెంటు తిరిగి పంపే యేర్పాటు చేశారు. దిగే బండి యిచ్చిన కరెంటు యెక్కే బండికి ఆసరా అయ్యేది. వుమ్మడి కుటుంబంలో ఒకరి రాబడి మరొకరి ఖర్చుకు పనికివచ్చినట్టు! 2007లో ఢిల్లీ మెట్రో రైళ్లు యిలా బ్రేకులో కరెంటు ఆదా చేస్తున్నందుకు ఐక్యరాజ్యసమితి పథకం కింద నమోదయ్యాయి. రైల్వేలలో ప్రపంచం మొత్తంమీద ఆ గౌరవం మొదట దక్కింది వాటికే. రోడ్డుమీదికి వస్తే, 1997లో జపానులో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్ లోనూ, 2001లో బెంగుళూరునుంచి వచ్చిన మన చిట్టి రేవా కారులోనూ యీ యేర్పాటు వుంది.

సూత్రం పాతదే అయినా ప్రశ్న మాత్రం కొత్తది. లక్ష, లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన విద్యుత్ కార్లు యిప్పుడు మన వూళ్లలోనే అమ్మకానికి వస్తున్నాయి. యిన్నివేలసార్లు యిటు తిరిగి అటు తిరిగి కరెంటు మింగీ కక్కీ నడిచిన బండిలో యేది అరుగుతుంది? యేది మిగులుతుంది? కొనేవాడికి యిది కబుర్ల సంగతి కాదు, డబ్బు సంగతి. ఒక్కొక్కప్పుడు ప్రాణాల సంగతి కూడా.

మావయ్యా, నిజమేనా?

నేనీ విషయం వెంటపడడానికి మా మేనల్లుడు కారణం. వాడు విశాఖపట్నంలో టాక్సీ నడుపుతాడు. అరకు, బొర్రా చూడవచ్చే యాత్రికులే వాడికి ఆధారం. వాడు కిందటేడు వున్న పాత డీజిలు బండి అమ్మేసి, భార్య గాజులు కుదువబెట్టి, పైన బ్యాంకు అప్పు తెచ్చి, 1,42,000 కిలోమీటర్లు తిరిగిన విద్యుత్ కారు ఒకటి కొన్నాడు. నెల తిరక్కుండానే దిగాలుగా మా యింటికి వచ్చాడు.

"మావయ్యా, రీజెన్ వాడితే బ్యాటరీ చస్తుందిట. నిజమేనా?"

"యెవర్రా చెప్పింది?"

"స్టాండులో అందరూ అంటున్నారు. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీకి దెబ్బ తగులుతుందిట. అందుకని దాన్ని అట్టడుగుకు తగ్గించేశాను."

"మరి అనంతగిరి ఘాటు దిగేటప్పుడో?"

"కాలి బ్రేకే. కిందటి వారం నలుగురు యాత్రికులతో దిగుతూంటే కింద మలుపుల దగ్గర మాడు వాసన వేసింది. పెడలు కూడా మెత్తబడినట్టనిపించింది, మావయ్యా. వెనక సీటులో పిల్లలున్నారు. పక్కకు ఆపి అరగంట కూచున్నాం."

నాకు గుండె ఝల్లుమంది. డీజిలు బండి అయితే కొండ దిగేటప్పుడు రెండో గేరులో వేస్తే యింజనే బండిని పట్టివుంచుతుంది. విద్యుత్ కారుకు అలాంటి గేర్లు లేవు. దిగుడులో దాన్ని పట్టే చెయ్యి రీజెన్ ఒక్కటే. దాన్ని తీసేస్తే యిక మిగిలేది కాలికింద బ్రేకు మాత్రమే. బ్యాటరీ మీద బెంగతో వాడు తన ప్రాణాన్నీ, యాత్రికుల ప్రాణాన్నీ ప్యాడ్లమీద పెట్టాడన్నమాట.

లెక్క చూడండి. మనుషులతో కలిసి 1,800 కిలోలున్న కారు వెయ్యి మీటర్ల యెత్తునుంచి దిగితే దాదాపు 5 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. 60 లీటర్ల చన్నీళ్లను కళపెళ మరిగించడానికి చాలినంత వేడి అది. టైర్ల రాపిడికీ, గాలి అడ్డుకూ సగం పోయినా, మిగిలిన సగం రెండు పెద్ద బిందెల నీళ్లను మరిగిస్తుంది. ఆ మంటంతా చక్రాల దగ్గరి యినప పళ్లేలమీదే పడుతుంది. అదే రీజెన్ చేతిలో పెడితే రెండు యూనిట్లు బ్యాటరీలోకి తిరిగి చేరతాయి. సాధారణ కారు వాటితో పన్నెండు కిలోమీటర్లు పోతుంది. పోనిచ్చేది మంట, పట్టుకునేది ప్రయాణం.

మేస్త్రీ చూపించిన నిజం

వాణ్ణి వెంటబెట్టుకుని నాకు తెలిసిన మేస్త్రీగారి షెడ్డుకు వెళ్లాను. నలభై యేళ్లుగా బ్రేకులు విప్పిన చెయ్యి ఆయనది. చక్రాలు పీకి చూసి నవ్వాడు. లక్షా నలభై వేలు తిరిగిన బండి ముందు ప్యాడ్లు సగం పైగా మిగిలివున్నాయి! డీజిలు టాక్సీకి యీ పాటికి మూడు నాలుగు జతలు మార్చేవాళ్లమన్నాడు. పాత యజమాని రీజెన్ బాగా వాడాడన్నమాట.

వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం మారింది. డిస్కు అంచున తుప్పు గీతలు. ఒక పక్క ప్యాడ్లను కదిపే పిన్ను బిగుసుకుపోయింది. బ్రేకు ఆయిలు కాఫీ డికాషనులా నల్లబడివుంది.

"అరగడంవల్ల పాడైనవి కావండీ యివి. అరక్కపోవడంవల్ల పాడైనవి!" అన్నాడు మేస్త్రీ.

విద్యుత్ కారు రహస్యం సగం యీ మాటలో వుంది. రోజూ తోమే గిన్నె మెరుస్తుంది. అటకమీద పెట్టినది కిలుంపడుతుంది. మామూలు కారులో ప్యాడు మాటిమాటికీ డిస్కును రాసి తుప్పును తుడిచేస్తూంటుంది. రీజెన్ పనంతా తానే చేస్తే డిస్కు వూరికే వుండి తుప్పుపడుతుంది. విశాఖ వంటి సముద్రతీరపు వుప్పుగాలిలో అది మరీ త్వరగా జరుగుతుంది. ఆడీ కంపెనీవారు తమ ఈ-ట్రాన్ కారులో నూటికి తొంభైపాళ్లు ఆపడం రీజెన్ తోనే జరుగుతుందన్నారు. అందుకే 2020లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఐడీ-3, ఐడీ-4 కార్లకు వెనక చక్రాలకు డిస్కులు మాని, పాతకాలపు డ్రమ్ము బ్రేకులే పెట్టారు. డ్రమ్ము మూసివుంటుంది గనుక తేమ అంతగా చొరబడదు. పాతదని మూలకు నెట్టినది మళ్లీ కావలసివచ్చింది చూశారా!

బ్రేకు ఆయిలు సంగతి యింకా ముఖ్యం. ప్యాడ్లు అరగలేదని చాలామంది దాన్ని తలుచుకోరు. కాని అది వాడినా వాడకపోయినా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగలు నొక్కితే నొక్కుకుపోతాయి గనుక పెడలు మెత్తబడుతుంది. మా మేనల్లుడికి ఘాటుకింద పెడలు మెత్తబడడానికి కారణం అదే కావచ్చునని మేస్త్రీ అభిప్రాయం. కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్లకోసారి దాన్ని మార్చడం మంచి పద్ధతి.

మరి బ్యాటరీ మాటేమిటి?

స్టాండులో వాళ్లు చెప్పిన మాట వట్టి పుకారేనా? అందులో ఆవగింజంత నిజం లేకపోలేదు. లిథియం బ్యాటరీ చార్జయినప్పుడల్లా కాస్త కాస్త అరుగుతుంది. చలిలో గట్టిగా చార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని మరింత నష్టం జరుగుతుంది. కాని రీజెన్ పోసే కరెంటు నాలుగైదు సెకన్ల ముచ్చట. పైగా ఆ కరెంటు తిరిగి చేరడంవల్ల బ్యాటరీ అంత లోతుకు ఖాళీ కాదు. లోతుగా ఖాళీ చేసి నిండుగా నింపడమే బ్యాటరీకి పెద్ద శ్రమ. 2015లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన యిద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. రీజెన్ యెక్కువైతే బ్యాటరీ అరుగుదల తగ్గుతుందని తేల్చారు. చలి యెక్కువగా వున్నప్పుడూ, బ్యాటరీ నిండుగా వున్నప్పుడూ మాత్రం జాగ్రత్త అవసరమన్నారు. ఆ జాగ్రత్త కారులోని యంత్రమే తీసుకుంటుంది. అలాంటి సమయాల్లో రీజెన్ ను తానే తగ్గించేస్తుంది.

కొండమీద బసచేసేవారు గుర్తుంచుకోవలసిన కిటుకు యిక్కడే వుంది. రాత్రి కొండమీద లాడ్జిలో కారును నూటికి నూరుపాళ్లు చార్జి చేసి, పొద్దున్నే దిగుడు మొదలుపెడితే, వచ్చే కరెంటుకు బ్యాటరీలో చోటుండదు. నిండు కుండలో నీళ్లు పోసినట్టే. రీజెన్ పట్టు సడలిపోతుంది. చాలా కార్లలో ఆ సంగతి ముందు తెరమీద కనిపిస్తుంది. పై వూళ్లో యెనభైపాళ్ల దగ్గర చార్జింగు ఆపేస్తే కుండలో ఖాళీ వుంటుంది, దిగుడులో పట్టూ వుంటుంది. మేస్త్రీగారు ఆయిలు మార్చి, పిన్ను సరిచేశాక నేనూ వాడితో కలిసి అనంతగిరి వెళ్లాను. యెనభైపాళ్లతో, రీజెన్ పూర్తిగా పెంచి దిగాం. వాడి కాలు బ్రేకుమీద పడినది మలుపుల దగ్గర మాత్రమే. కింద దిగి చక్రం దగ్గర ముక్కు పెట్టి చూశాను. వాసన లేదు.

యింటికి వచ్చాక కంప్యూటరు పెట్టి బ్యాటరీ బలం చూపించారు. కొత్తలో వున్న శక్తిలో నూటికి 91 పాళ్లు మిగిలివుంది. మా మేనకోడలు గాజుల మాట యెత్తలేదుగాని, ఆ అంకె రెండుసార్లు చదివించుకుంది.

దూరాలు చూసినవారి మాట

పరదేశాల లెక్కలు కూడా దీనికి దగ్గరగానే వున్నాయి. తమ మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లు రెండు లక్షల మైళ్లు, అంటే దాదాపు 3,20,000 కిలోమీటర్లు తిరిగాక బ్యాటరీ శక్తి సగటున నూటికి 12 పాళ్లు తగ్గిందని టెస్లా కంపెనీ తన 2022 నివేదికలో చెప్పుకుంది. జర్మనీలో ఒక పెద్దమనిషి నడిపే మోడల్ ఎస్ కారు 2019లో పది లక్షల కిలోమీటర్లు దాటింది. అయితే ఆ దూరం ఒకే మోటారుతో, ఒకే బ్యాటరీతో సాగలేదు, మధ్యలో మార్చవలసివచ్చింది. అంచేత యీ బండ్లకు చావే లేదనుకోవడమూ పొరపాటే.

అన్నిటికంటె ముచ్చటైనది స్విట్జర్లాండులోని ఒక సున్నపురాతి గనిలో పనిచేసే రాయిలారీ. డీజిలు లారీని విప్పి, 600 యూనిట్ల బ్యాటరీ పెట్టి విద్యుత్ లారీగా మార్చారు. ఖాళీగా 45 టన్నులతో కొండ యెక్కుతుంది. 65 టన్నుల రాయి నింపుకుని 110 టన్నులతో దిగుతుంది. యెక్కడానికి అయ్యే ఖర్చుకంటె దిగేటప్పుడు పుట్టే కరెంటే యెక్కువ! బైలదిల్లా గనులనుంచి విశాఖకు యినుపరాయి దింపే కొత్తవలస–కిరండూల్ మార్గం కూడా యిలాంటిదే. నిండు బండ్లు దిగుతాయి, ఖాళీ బండ్లు యెక్కుతాయి. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల యెత్తున వుంది. పాత తరహా యింజన్లు దిగుడులో పుట్టిన కరెంటును తమ నెత్తిమీది తీగచుట్టల్లో వేడిచేసి పారబోసేవి. మూడు ఫేజుల కొత్త యింజన్లు దాన్ని పైతీగలోకి తిరిగి పంపగలవు. మన రాష్ట్రంలోనే 2022 సెప్టెంబరునుంచి తిరుమల ఘాట్ రోడ్డుమీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. పన్నెండు టన్నుల బస్సు 700 మీటర్లు దిగితే దాదాపు 23 యూనిట్ల శక్తి చేతికి అందే దూరంలోకి వస్తుంది. అందులో యెంత పట్టుకుంటే అంత పుణ్యం.

కనిపించని అరుగుదల

బ్రేకులూ బ్యాటరీయే కాక చూడవలసినవి మరికొన్ని వున్నాయి. రీజెన్ పట్టు మోటారు తగిలించివున్న చక్రాలమీదే పడుతుంది. ముందు చక్రాలకు మోటారు వున్న బండిలో లాగడమూ, ఆపడమూ రెండూ ముందు టైర్లే చేస్తాయి. పైగా బ్యాటరీ బరువొకటి. అంచేత టైర్లను మాటిమాటికీ ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మారుస్తూండాలి. గేరు పళ్లు మామూలు బండిలో యెక్కువగా ఒక పక్కే అరుగుతాయి. యిందులో లాగినప్పుడు ఒక పక్క, ఆపినప్పుడు రెండో పక్క బరువు మోస్తాయి. పాత బండిలో కాలు తీసిన క్షణాన "టక్" మని చప్పుడు వస్తే ఆ పళ్ల మధ్య సందు పెరిగిందేమో చూపించుకోవాలి. మోటారు బేరింగులలో కొంచెం కొంచెంగా కరెంటు పారి గుంటలు పడడం కూడా కద్దు. వేగంతోపాటు పెరిగే సన్నని మూలుగు దాని గుర్తు.

వాడిన విద్యుత్ కారు కొనబోయే గృహస్థులకు నా మనవి యిదీ. తిరిగిన కిలోమీటర్ల అంకె చూసి భయపడకండి. అంకె తక్కువని మురిసిపోకండి. బ్యాటరీ బలం యెంతుందో పరీక్ష కాగితం అడగండి. చాలా కంపెనీలు బ్యాటరీకి యెనిమిదేళ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, యేది ముందైతే అంతవరకు హామీ యిస్తాయి. రెండో యజమానికి అది వర్తిస్తుందో లేదో కాగితంలో చూసుకోండి. నాలుగు చక్రాలూ విప్పించి ప్యాడ్ల మందంతోపాటు డిస్కుల తుప్పు, పిన్నుల కదలిక చూడమనండి. ఆయిలు యెప్పుడు మార్చారో అడగండి. కొన్నాక రీజెన్ ను భయం లేకుండా వాడండి. వారానికి రెండుమూడుసార్లు మాత్రం వెనక బండి యేదీ లేనప్పుడు కాలి బ్రేకు గట్టిగా వేసి డిస్కులను శుభ్రం చేయండి.

బ్రేకు రాపిడి తగ్గితే మరో లాభం కూడా వుంది. ప్యాడ్లనుంచి రాలే నల్లని దుమ్ము వీధిలో పిల్లల వూపిరితిత్తుల్లోకే పోతుంది. 2024లో యూరపువారు చేసిన కొత్త నిబంధనలో ఆ దుమ్ముకు మొదటిసారి హద్దు పెట్టారు. మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. విద్యుత్ కార్లకు 3 మాత్రమే. చేయగలవాణ్ణే యెక్కువ అడుగుతారు గదా!

మా మేనల్లుడి బండి మీటరు యిప్పుడు 1,60,000 దాటింది. కంపెనీ హామీ ముగిసింది, బ్యాంకు వాయిదాలు యింకా పద్నాలుగున్నాయి. ముందు ప్యాడ్లు మాత్రం యింకా పాతవే.